ఎల్ పోవడానికి ఏడేళ్లు

పైథాన్ 2.1 నాటి వాణ్ణి కాబట్టి, 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 అనే సంఖ్య నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 32 బిట్ల యంత్రం మీద 'ఇంట్' అనే పూర్ణాంకానికి అదే పొలిమేర. ఒకటి కలిపితే ఓవర్‌ఫ్లో ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రాం ఆగిపోయేది. పద్దులు పైసల్లో రాసుకునేవాడికి 2 కోట్ల 15 లక్షల రూపాయలు చేరకముందే లెక్క అయిపోయినట్టే. ఇంకా పెద్దది కావాలంటే సంఖ్య చివర ఎల్ తగిలించాలి. అప్పుడది 'లాంగ్' అవుతుంది, మెమరీ ఉన్నంత మేరా పెరుగుతుంది.

ఒకే ఇంట్లో ఈ రెండు కుంపట్లు ఎందుకు? గైడో వాన్ రాసమ్ 1989 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పైథాన్ మొదలుపెట్టకముందు ఏబీసీ అనే భాష మీద పనిచేశాడు. అందులో భిన్నాలు కూడా పొల్లుపోకుండా నిలిచేవి. లెక్క సాగేకొద్దీ లవహారాలు ఊరిపోయి ప్రోగ్రాం నత్తనడక పట్టేది. అది చూసినవాడు కనుక ఈసారి వేగం కోసం సీ భాష పూర్ణాంకాన్నే యథాతథంగా తీసుకుని, పెద్ద లెక్కలకు లాంగ్‌ని విడిగా ఉంచాడు.

ఎర్రర్ వచ్చి ఆగితే నయమే, కనీసం తెలుస్తుంది. 1ని ఎడమకు 32 స్థానాలు జరిపితే మాత్రం చడీచప్పుడు లేకుండా 0 వచ్చేది. హెక్సాలో ఎనిమిది ఎఫ్‌లు రాస్తే 32 బిట్ల యంత్రం మైనస్ 1 అనేది, 64 బిట్ల లినక్స్ 429 కోట్ల పైచిలుకు అనేది. ప్రోగ్రాం ఒకటే, జవాబులు రెండు.

2001 మార్చిలో మోషే జడ్కా, గైడో కలిసి పెప్ 237 అనే ప్రతిపాదన రాశారు: రెండూ కలిపేద్దామని. అందులో నాకు నచ్చింది వాళ్లు ఎంచుకున్న వరస. ఎర్రర్ వచ్చే చోట జవాబు వస్తే ఎవరికీ నష్టం లేదు, కాబట్టి ఆ మార్పు అదే ఏడాది డిసెంబరులో 2.2తోనే వచ్చేసింది. ఆ 0 మీద, ఆ మైనస్ 1 మీద ఆధారపడ్డ చెక్‌సమ్ కోడ్ సంగతి వేరు. అందుకే 2.3లో హెచ్చరిక ఇచ్చి ఊరుకున్నారు, 2004లో 2.4తో జవాబు మార్చారు. ఎల్ అక్షరం మాత్రం 2008 డిసెంబరులో 3.0 వచ్చేదాకా వేలాడింది. ఇప్పుడు 10 పక్కన ఎల్ రాస్తే సింటాక్స్ ఎర్రర్.

తమాషా ఏమిటంటే, 3.0లో నిజానికి పోయింది పాత ఇంటే. దాని పేరు పెట్టుకుని బతుకుతున్నది లాంగ్. పైథాన్ సోర్సు తెరిచి చూడండి, ఇంట్ కోడ్ ఉన్న ఫైలు పేరు నేటికీ 'లాంగ్ఆబ్జెక్ట్'.

అంత ఓపిక పట్టినవాళ్లు 2022 సెప్టెంబరులో ఒక భద్రతా సవరణతో, ముందస్తు హెచ్చరిక వెర్షన్ ఏదీ లేకుండా, కొత్త హద్దు గీశారు. లోపల 2 ఘాతాల రూపంలో ఉన్న సంఖ్యను దశాంశంలోకి గానీ, దశాంశం నుంచి గానీ మార్చాలంటే, అంకెలు రెట్టింపైతే పని నాలుగింతలయ్యేది. కావాలని లక్షల అంకెలు పంపి సర్వర్‌ని కూలబెట్టే వీలుండేది. అందుకని 4300 అంకెలు దాటితే పైథాన్ మార్చడం మానేసింది. కారణం సబబే, కానీ 3.10.6లో నడిచింది 3.10.7లో ఆగడం నాకు మింగుడుపడలేదు. 2000 ఫ్యాక్టోరియల్‌కి 5736 అంకెలు. లెక్క కట్టమంటే కడుతుంది, ప్రింట్ చేయమంటే ఎర్రర్. హద్దు పెంచుకునే ఫంక్షన్ ఇచ్చారనుకోండి. హెక్సాలో అడిగితే ఆ హద్దు అసలు వర్తించదు.