పంజా కాళ్ల తొట్టి వెనక ఒక రాజకుమారుడి జ్వరం

హైదరాబాదులో ఇంటీరియర్ డిజైనింగ్ నా వృత్తి. ఈమధ్య పెద్ద ఇళ్లు కట్టుకునేవాళ్లు బాత్‌రూమ్ దగ్గరికి వచ్చేసరికి తరచు ఒకే మాట అంటున్నారు: “మేడమ్, విక్టోరియన్ స్టయిల్లో చేసిపెట్టండి.” ఫోన్ తీసి బొమ్మ చూపిస్తారు. పులిపంజా కాళ్ల మీద నిలబడ్డ తెల్ల తొట్టి, కింద తివాచీ, గోడకు సగం దాకా నగిషీ చెక్క, మిగతా సగం తెల్ల టైల్స్, బయటికి కనిపించే ఇత్తడి పైపులు. బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ ఒకదాన్నొకటి వెళ్లగొట్టిన రెండు కాలాలు ఆ గదిలో పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది. అందులో మీకు ఏ పదేళ్లు కావాలని అడుగుతాను.

ఆ ఏలుబడి మొదట్లో ఇంగ్లండులో కలవారి ఇళ్లలో కూడా స్నానానికంటూ వేరే గది ఉండటం అరుదు. పడగ్గదిలో చలిమంట ముందు రేకు తొట్టి పెట్టేవారు. కింద వంటింట్లో కాచిన నీళ్లను పనిమనుషులు బిందెలకొద్దీ మేడమీదికి మోసుకొచ్చి పోసేవారు, తర్వాత ఆ మురికినీళ్లను మళ్లీ కిందికి మోసేవారు. ఒక మనిషి హాయి కోసం నలుగురి నడుములు విరిగేవి. కుళాయి నీళ్లు పై అంతస్తులకు ఎక్కాకే స్నానం పడగ్గది నుంచి బయటపడింది.

అలా పుట్టిన కొత్త గదికి పడగ్గది అలవాట్లు పోలేదు. 1860లు, 70ల నాటి సంపన్నుల బాత్‌రూమ్ అంటే కుర్చీలు, తివాచీ, బరువైన తెరలు, గోడకాగితం ఉన్న మామూలు గదే. తొట్టినీ, ముఖం కడుక్కునే బేసిన్‌నూ, ఆఖరికి కమోడ్‌నూ మహాగని చెక్కపెట్టెల్లో దాచేసేవారు. పైపు కనిపించడం నామోషీ. 1868లో బెంజమిన్ మాన్ అనే లండన్ వాసి గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే గీజర్ తయారుచేశాడు. పొగ బయటికి పోయే గొట్టం దానికి లేదు. మూసిన గదిలో దాన్ని వెలిగించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

పాతకాలపు పద్ధతిలో గది అలంకరించుకోవాలన్న కోరిక కూడా ఆ కాలానిదే. కార్డిఫ్ కోట గడియార గోపురంలో విలియం బర్జెస్ అనే ఆర్కిటెక్ట్ బ్యూట్ ప్రభువు కోసం మధ్యయుగాల పద్ధతిలో గదులు తీర్చాడు. అక్కడి స్నానపు గదిలో ఉన్నది పాత రోమన్ పాలరాతి తొట్టి. దాని లోపలి రాతిలో లోహపు చేపలు పొదిగించాడు. నార్తంబర్లాండ్‌లోని క్రాగ్‌సైడ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభువు తన గ్రంథాలయం కింద ఆవిరిగది, చన్నీళ్లలో మునిగే కొలను, షవరు కట్టించుకున్నాడు. ఫిరంగులు, నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు చేసి గడించిన మనిషి. నీళ్లను ఎలా పరిగెత్తించాలో ఆయనకు బాగా తెలుసు.

ఈ చెక్కా తివాచీల సొగసుకు దెబ్బకొట్టింది టైఫాయిడ్. 1861లో రాణి భర్త ఆల్బర్ట్ చనిపోతే డాక్టర్లు టైఫాయిడ్ అన్నారు. పదేళ్లకు, 1871లో, యువరాజు ఎడ్వర్డ్ స్కార్‌బరో దగ్గర ఒక ప్రభువు ఇంట్లో అతిథిగా ఉండి వచ్చి అదే జ్వరంతో పడ్డాడు. ఆయన బతికాడు. అదే ఇంట్లో బసచేసిన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు బతకలేదు, యువరాజు గుర్రాల సేవకుడూ బతకలేదు. మురుగుకాలవల నుంచి పైపుల గుండా ఇంట్లోకి ఎగదన్నే విషవాయువే కారణమని దేశమంతా నమ్మింది. బీదల గుడిసెలను తినేస్తున్న రోగం రాజుల పడకల దాకా వచ్చాక గానీ పెద్దింటివాళ్లు తమ పైపుల వైపు చూడలేదు. నాకు ఈ చరిత్రలో మనసు కలుక్కుమనే చోటు ఇదే.

1877లో స్టీవెన్స్ హెల్యర్ అనే ప్లంబరు ఆరోగ్యకరమైన ఇళ్ల గురించి ఒక పుస్తకమే రాశాడు. 1880లో కార్ల్ ఎబర్త్ టైఫాయిడ్ క్రిమిని గుర్తించాడు. 1884లో లండన్‌లో ఆరోగ్య ప్రదర్శన పెడితే జార్జ్ జెన్నింగ్స్ పింగాణీ కమోడ్‌కు బంగారు పతకం వచ్చింది. చెక్కపెట్టెలు ఊడదీశారు. లీకు ఎక్కడుందో కంటికి కనిపించాలని పైపులను బయటే వదిలేశారు. ఇవాళ మనం విలాసమనుకునే ఆ మెరిసే పైపులు పుట్టింది భయంలోంచి.

పంజా కాళ్లదీ అదే దారి. ఆ ఆకారం పాత కుర్చీల కాళ్ల నుంచి వచ్చింది గానీ, తొట్టిని నేలకు ఎత్తుగా నిలబెట్టడం వల్ల కిందా వెనకా చీపురు దూరుతుంది. అమెరికాలో జాన్ మైకేల్ కోలర్ 1883లో పశువుల తొట్టికి ఎనామెల్ పూత వేసి, నాలుగు కాళ్లు తగిలిస్తే స్నానపు తొట్టి అవుతుందని కేటలాగులో వేశాడని ఆ కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ కాలం సరుకులో నేను ప్రాణంపెట్టేది నేల పలక. స్టోక్‌లోని మింటన్ కార్ఖానా పలక ముక్క ఒకటి నా బల్ల మీద ఉంది. విరిగిన అంచు చూస్తే దాని గుట్టు తెలుస్తుంది. ఎర్రమట్టి పలకలో పువ్వు ఆకారానికి గుంట నొక్కి, ఆ గుంటలో పసుపుపచ్చ మట్టి పోసి, ఆరాక పైపైన గీకి చదునుచేసి కాల్చారు. పువ్వు పైన వేసిన రంగు కాదు, లోపలికంటా దిగిన మట్టి. వందేళ్లు కాళ్లకింద నలిగి పలక అరిగినా పువ్వు అలాగే ఉంటుంది. ఇప్పుడు ప్రింటు వేసి అమ్మే ‘విక్టోరియన్’ టైలు పక్కన పెట్టి చూపిస్తే కస్టమర్లు మారుమాట్లాడరు.

గొలుసు లాగే ఎత్తు ట్యాంకు కూడా చాలామంది అడుగుతారు. అది వేలాడేది అందానికి కాదు. లండన్ నీటి కంపెనీల నిబంధనల వల్ల ఒక్కో ఫ్లష్‌కు 2 గ్యాలన్లు, అంటే సుమారు 9 లీటర్ల నీళ్లే దక్కేవి. ఆ కాస్త నీటికీ వేగం రావాలంటే ఎత్తు నుంచి దూకాలి. దాన్ని నడుమెత్తున బిగించమంటే నేను ఒప్పుకోను.

మన ఇళ్లకు నేను సూచించేది 1890ల గది. మనం బకెట్టు పెట్టుకుని, చెంబుతో తలమీంచి నీళ్లు గుమ్మరించుకునే జనం. నేలంతా తడుస్తుంది. 1870ల మహాగని అక్కడ రెండు వానాకాలాలకే ఉబ్బుతుంది. ఛాతీ ఎత్తు దాకా తెల్ల టైల్స్, పైన ఒక్క ముదురు పట్టీ, నేలకు మట్టి పలకలు, బయట పైపులు, కిటికీ నుంచి ధారాళంగా వెలుతురు చాలు. రంగు మీద మనసుంటే తొట్టి బయటివైపు ఉంది. ఆనాడూ ఎనామెల్ లోపలికే వేసి, బయటి పోత ఇనుముకు మామూలు రంగే పూసేవారు. అక్కడ ముదురాకుపచ్చ వేయించినా, మెరూన్ వేయించినా అది 1890ల గదే.