ఖమ్మం–భద్రాచలం ప్రాంతంలో సూఫీ సంప్రదాయం

ఖమ్మం పట్టణం నుంచి ఇల్లందు, పాల్వంచ అడవుల మీదుగా భద్రాచలం వరకు గల ప్రాంతంలో కనిపించే సూఫీ భక్తి రూపాలు, పట్టణ జీవితంలో వాటి కొనసాగింపు ఈ వ్యాస విషయం. గుల్బర్గా, బీదరుల్లో వలె ఇక్కడ పెద్ద ఖాన్‌ఖాలు (సూఫీ ఆశ్రమాలు) ఎదగలేదు. దర్గా మొక్కులు, పీర్ల పండుగ (మొహర్రం), రామదాసు కథ ద్వారానే సూఫీ మార్గం ఇక్కడి జనానికి ఎక్కువగా చేరువైంది.

దక్కనులో సూఫీ సంప్రదాయానికి మూలస్తంభం గుల్బర్గా ఖ్వాజా బందేనవాజ్ (1321–1422). ఖమ్మం సంగతికొస్తే, 1531లో సుల్తాన్ కులీ కుతుబ్ షా అక్కడి పాలకుడు షితాబ్ ఖాన్‌ను ఓడించి ఖమ్మం కోటను పట్టుకోవడంతో ఈ సీమ గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది.

చివరి గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) గద్దెనెక్కక ముందు చాలా ఏళ్లు హైదరాబాదులో సూఫీ గురువు షా రాజు ఆశ్రయంలో గడిపాడు. ఫకీరుల మధ్య పెరిగిన ఈ యువకుడే అబ్దుల్లా కుతుబ్ షాకు అల్లుడై, ఆయన తరవాత రాజ్యానికి వచ్చాడు. ఆయన కొలువులో అక్కన్న మాదన్నలు మంత్రులు. వారి మేనల్లుడు, నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. రామదాసుగా పేరుపడింది ఈయనే. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించినందుకు ఆయన గోల్కొండ చెరసాల పాలయ్యాడని, రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ చెల్లించి విడిపించారని ప్రతీతి. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ కూడా తానీషాతోనే మొదలైందంటారు. ఇప్పుడు వాటిని రాష్ట్ర ప్రభుత్వం సమర్పిస్తోంది.

గోపన్నకు రామతారక మంత్రం ఉపదేశించింది కబీరుదాసు అని రామదాసు చరిత్ర చెబుతుంది. ఇంట సంతర్పణ జరుగుతుండగా కాగే గంజిలో పడి చనిపోయిన గోపన్న కొడుకు కబీరు మహిమతో బతికి లేచాడన్న ఘట్టాన్ని హరికథకులు కన్నీళ్లు పెట్టించేలా చెబుతారు. కాలగణనకు ఇది కుదరదు. కాశీ కబీరు గోపన్నకు వందేళ్లకు పైగా ముందటివాడు. ఆ పేరు గల మరో ఫకీరు అయి ఉండవచ్చునన్న ఊహ ఉంది. ఎవరైతేనేం, తెలుగునాట అంతటి రామభక్తుడికి ముస్లిం సాధువును గురువుగా నిలిపి ఆ కథను తరతరాలుగా చెప్పుకున్న జనం ఔదార్యం గొప్పది. 2006 నాటి ‘శ్రీరామదాసు’ చిత్రంలో కబీరుగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు.

ఆసఫ్‌జాహీల కాలంలో ఈ చుట్టుపక్కల చెప్పుకోదగ్గ కేంద్రం కాజీపేట. రిఫాయీ సూఫీ మార్గానికి చెందిన అఫ్జల్ బియాబానీ (1795–1856) దర్గా అక్కడే ఉంది.

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాక అడవి అంచున గనుల పట్టణాలు వెలిశాయి. ఈ గనుల సీమలోనే, ఇల్లందు మండలం సత్యనారాయణపురంలోని నాగుల్‌మీరా దర్గా ఉర్సుకు (వార్షిక ఉత్సవానికి) హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. పొరుగున సూర్యాపేట జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాలో, జనం ‘సైదన్న’ అని పిలుచుకునే పీరు ఉర్సు జనవరిలో జరుగుతుంది. మొక్కు తీర్చుకునేవారు యాటను కోసి కందూరు చేసి బంధువులకు భోజనాలు పెడతారు. ఊదు పొగలో పాతిహా చదివించి, ముజావరు (దర్గా సేవకుడు) చేత నెమలీకల కట్టతో తల మీద తట్టించుకుంటారు. పుట్టిన బిడ్డకు సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకుంటారు. ఆ పేరుతో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న హిందూ యువకుడు ఇవాళ ఎవరికీ వింత కాదు. దర్గా మొక్కులు మతసమ్మతం కావని ముస్లింలలోని సంస్కరణవాదులు అభ్యంతరం చెబుతారు.

ఖమ్మం జిల్లా చింతకానికి చెందిన కవి అఫ్సర్ పీర్ల పండుగపై ఆంగ్లంలో రాసిన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. సొంత జిల్లా పీర్లను కాక అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయప్పను కేంద్రంగా తీసుకున్నా, గ్రామీణ ఇస్లాంను అర్థం చేసుకోవడానికి ఇది విలువైన పుస్తకం.

దర్గా ఊసు లేకుండానే సూఫీ సాధనను మధ్యతరగతి తెలుగు ఇళ్లకు చేర్చిన సంస్థ పిఠాపురంలోని శ్రీ విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠం. దాని ఆరవ పీఠాధిపతి ఉమర్ అలీషా (1885–1945) కవి, నాటకకర్త, కేంద్ర శాసనసభ సభ్యుడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. మతం మారకుండానే మంత్ర, ధ్యాన, జ్ఞాన సాధనలు చేయడం ఇక్కడి పద్ధతి. శిష్యుల్లో అధికులు హిందువులు.

ఈ ప్రాంతం నుంచి హైదరాబాదు వెళ్లినవారికి నాంపల్లి యూసుఫైన్ దర్గాలో గురువారం కవ్వాలీ అందుబాటులో ఉంటుంది. ఆ నగరపు కవ్వాలీకి దేశవ్యాప్త కీర్తి తెచ్చిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ లభించింది. ఐటీ సంస్థల నడుమ మిగిలిన మణికొండ హుస్సేన్ షా వలీ దర్గా పేరు భక్తి కన్నా భూమి తగాదాతోనే ఎక్కువగా పత్రికలకెక్కింది. సుమారు 1,654 ఎకరాలు దర్గావేనన్న వక్ఫ్ బోర్డు వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చి, ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదని తీర్పు చెప్పింది.