జానెడు ఎడం

భానూర్ అనగానే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేవి భారత్ డైనమిక్స్ కర్మాగారం, అక్కడ తయారయ్యే ట్యాంకు విధ్వంసక క్షిపణులు. ఒక పక్క పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఇంకో పక్క శంకర్‌పల్లి వైపు పొలాలు. ఇంత ఇనుమూ సిమెంటూ వచ్చిపడినా ఈ చుట్టుపక్కల పెరటికోడి మాయం కాలేదు. కోడి ఉన్నచోట దాణా, దాణా ఉన్నచోట చీమ. ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉందనుకుంటాం గనక విరుగుడు కూడా చీమల మందు డబ్బాలోనే వెతుకుతాం. కానీ దాణాకు చీమలు పట్టడమనే బెడదకు వయసు పెద్దగా లేదు. మేతను ఎంతసేపు నిలవ ఉంచుతున్నాం, దానికీ నేలకూ మధ్య ఎంత ఎడం ఉంచుతున్నాం అన్న రెండు లెక్కలు మారినప్పుడు అది పుట్టింది. ఆ లెక్కలు సరిచేసిన చోట తగ్గుతూ వచ్చింది.

పాత పెరటి పద్ధతి చూడండి. పొద్దున గంప ఎత్తగానే కోళ్ళు బయటపడతాయి. ఇల్లాలు గుప్పెడు జొన్నలో నూకలో వాకిట్లో చల్లుతుంది. నాలుగు నిమిషాల్లో గింజ మిగలదు. ఆ తర్వాత రోజంతా కోడి తిండి కోడే వెతుక్కుంటుంది: పేడకుప్ప, కళ్ళం, దొడ్డిగోడ వార పురుగులు. కోడిపిల్లలకు చెదపుట్ట తవ్వి చెదలు వేయడం పల్లెల్లో మామూలే. ఈ ఏర్పాటులో తొట్టి లేదు, బస్తా లేదు, రాత్రికి మిగిలే మేత లేదు. ఒక చీమ గింజను చూసి పుట్టకు పోయి, దారి వేసి, దండును వెంటబెట్టుకొచ్చేసరికి ఆ గింజ కోడి కడుపులో ఉంటుంది. ఇక్కడ మేతను కాపాడింది మందూ కాదు మంత్రమూ కాదు, ఆ నాలుగు నిమిషాలే.

అప్పట్లో ఇంత దూకుడు చీమలు లేవేమో, ఇవి తర్వాత వచ్చిన జాతులేమో అని ఎవరైనా అనొచ్చు. అడగవలసిన ప్రశ్నే. సాక్ష్యం మాత్రం దానికి ఎదురుగా ఉంది. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ 1851లో దక్షిణ భారతంలోని చీమల జాబితా ఒకటి ప్రచురించాడు. అందులో అతను కొత్తదనుకుని పేరు పెట్టిన ఎర్రచీమ ఒకటి నిజానికి అమెరికా ఖండం నుంచి వచ్చిన నిప్పుచీమేనని, అంటే సోలెనాప్సిస్ జెమినేటా అని, తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. 2015లో వెలువడిన జన్యు అధ్యయనం ఈ చీమ ప్రపంచయాత్రను 16వ శతాబ్దపు స్పానిష్ ఓడల దాకా తీసుకుపోయింది: మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకు, అక్కడి నుంచి ఆసియాకు. కుడితే మంటపెట్టే ఈ చీమ మన నేలమీద కోళ్ళఫారాలకన్నా నూరేళ్ళు ముందే స్థిరపడి ఉంది. (ఇవాళ దాణాలో సగం దాకా ఉండే మొక్కజొన్న పుట్టిల్లూ మెక్సికోయే. తొట్టిలో ఉన్నదీ, తొట్టి మీద పడుతున్నదీ ఒక్క ఊరివే అన్నమాట.) చీమ పాతదే అయినప్పుడు కొత్తగా వచ్చిందేమిటి? దాణా. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టడం, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడడం, ఈ రెంటి నడుమా తరవాతా తెలుగునాట కోళ్ళపెంపకం పరిశ్రమ అయింది. దాంతోపాటు మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, చేపపొడి, నూనె కలిసిన మేత వచ్చింది. పిండీ, నూనే, మాంసకృత్తులూ ఒకేచోట దొరికే ఇలాంటి సరుకు ఎర్రచీమకు పెరట్లో అంతకుముందెన్నడూ దొరకలేదు. పైగా అది రాత్రీపగలూ తొట్టిలో ఉంటుంది.

పాతకాలంలో చీమల బాధే లేదని నేననడం లేదు. ఉంది, కాకపోతే వేరేచోట. కోడి పొదిగే గంపలో గుడ్డు చిట్లి పిల్ల తడితడిగా బయటికొచ్చే గంటల్లో చీమ పడితే పిల్ల దక్కదు. అక్కడ కోడి కదలదు, గుడ్డు కదలదు, ఇరవై ఒక్క రోజులు అంతా ఒకేచోట. అంటే నిలవ ఉన్నచోటే చీమ బాధ. అందుకే పల్లె తెలివితేటలన్నీ ఆ గంప చుట్టూ చేరాయి: అడుగున పొడి బూడిద, వేపాకు, గంపను నేలనుంచి ఎత్తి పెట్టడం. నిలవ గింజలదీ ఇదే కథ. భానూర్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు మట్టీ పేడా అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి విత్తనాలు దాచే పద్ధతిని ఇప్పటికీ నిలబెట్టారు. ఉట్టి అయితే ఈ వరుసలో అన్నిటికన్నా తెలివైనది. వేలాడే వస్తువుకు దారి ఒక్కటే, పైనున్న తాడు. ఆ తాడుకు ఆముదం రాసిన గుడ్డ చుడితే కాపలా ముగిసినట్టే.

నీళ్ళ కందకం మాటేమిటి? తొట్టి కాళ్ళను నీళ్ళగిన్నెల్లో పెట్టడం అందరికీ తెలిసిన ఉపాయమే, అది పనిచేయదని చెప్పేవాళ్ళూ అంతమందే. వాళ్ళ పక్షాన బలమైన సాక్షి ఉన్నాడు. దక్కన్‌లో పనిచేసిన సైనికాధికారి డబ్ల్యు.హెచ్. సైక్స్ పుణెలోని తన ఇంట్లో జరిగిన ఒక పోరాటాన్ని 1835లో అచ్చువేయించాడు. మిఠాయిల బల్ల కాళ్ళు నీళ్ళగిన్నెల్లో ఉన్నాయి. కొన్నాళ్ళకు చీమలు ఆ నీటిని దాటాయి. కాళ్ళకు టర్పెంటైన్ పూశారు. మళ్ళీ కొన్నాళ్ళు ఊరట, మళ్ళీ చీమలు. చివరికి కనిపెట్టిందేమిటంటే, అవి గోడ ఎక్కి, మిఠాయికి అడుగెత్తున నిలబడి, కిందికి దూకుతున్నాయి. చదివితే చీమకు దండం పెట్టాలనిపిస్తుంది. కానీ కొలతలు చూడండి: గిన్నెలో నీటి వెడల్పు అంగుళం, అంగుళమున్నర, బల్లకూ గోడకూ మధ్య అంగుళం. సైక్స్ కథ రుజువు చేసింది ఎడం పనికిరాదని కాదు, అంగుళం ఎడం చాలదని. దానికి మన ఎండ తోడు. మే నెలలో పటాన్‌చెరు ప్రాంతంలో తెరిచి ఉంచిన నీళ్ళు రోజుకు సుమారు సెంటీమీటరు ఆవిరైపోతాయి; కొబ్బరిచిప్పలో పోసిన కందకం మూడోరోజుకు బురద. దుమ్ము పేరుకున్న నీటి మీద చీమ నేలమీద నడిచినట్టే నడుస్తుంది. రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపితే నీటి పైపొర బిగువు పోయి చీమ మునుగుతుంది. బూడిద గురించి వచ్చే ఫిర్యాదూ ఇలాంటిదే: పొడిగా ఉన్నన్నాళ్ళే దాని గుణం, తొలకరికి తడిస్తే ఉత్త మట్టి. సరిగ్గా ఆ తొలకరికే పుట్టలు తడిసిన చీమలు ఎత్తు ప్రదేశాలకూ ఇళ్ళలోకీ ఎక్కుతాయి.

ఈ రోజువారీ కాపలాకు విసిగిన తరానికి గమాక్సిన్ పొడి వరంలా కనిపించింది. మన దేశంలో ఈ మందు, అంటే బి.హెచ్.సి., తయారీ 1952లో కలకత్తా దగ్గర మొదలైంది. చీమలబారు మీద, గోనెబస్తాల చుట్టూ, కోళ్ళగూటి గడప మీద చల్లడానికి అంత చవకైనది ఇంకోటి లేదు. అది కొవ్వులో కలిసి గుడ్డులోకీ మాంసంలోకీ చేరుతుందని తెలిశాక 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. తర్వాత చీమల చాక్‌పీసు వచ్చింది; గీతను చీమ దాటదు నిజమే, కోడి మాత్రం ముక్కుతో పొడుస్తుంది. పటాన్‌చెరు పరిశ్రమల వల్ల నక్కవాగుకు పట్టిన కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన ప్రాంతమిది. ఇక్కడ విషం ఎక్కడికి చేరుతుందో పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఖాళీ రసాయన డ్రమ్మును కడిగి దాణాకు వాడడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

కోళ్ళు చీమలను తింటాయి కదా, ఇంత గొడవెందుకన్న మాట ఒకటి మిగిలింది. తింటాయి, అదే చిక్కు. కోళ్ళకు పట్టే రైలెటైనా అనే బద్దెపురుగు జాతుల్లో కొన్ని చీమ కడుపులో ఒక దశ గడిపి, ఆ చీమను మింగిన కోడిలో పెరుగుతాయని 1930లలోనే తేలింది. తొట్టిలోకి చీమల బారు సాగడమంటే నాలుగు గింజలు పోవడమొక్కటే కాదు.

వేల కోళ్ళున్న ఫారాల్లో గిన్నెలూ ఉట్లూ ఎలా కుదురుతాయంటారా? అక్కడ నేలకు ఎత్తున పంజరాలు, గోడకు ఎడంగా చెక్కబల్లల మీద బస్తాలు, పూటకు సరిపడా కొలిచి పోసే మేత. పేర్లు మారిన ఉట్టి, పేర్లు మారిన గుప్పెడు జొన్నలు. ఇబ్బంది పడేది నడుమ ఉన్నవాళ్ళే. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది; కానీ వాటి పిల్లలను మొదటి ఆరు వారాలు తొట్టి మేతతోనే పెంచాలి. పెరటికోడి ఇంట్లోకి ఫారం తొట్టి అలా వచ్చింది, ఫారం ఎడం మాత్రం రాలేదు. తీగతో దూలానికి వేలాడదీసిన తొట్టి, తీగ మీద జానెడు మేర గ్రీజు, సాయంత్రానికి ఖాళీ అయ్యేంత మేత. ఇన్నీ చేసిన తర్వాత కూడా గూటి మూల నుంచి ఒక జొన్నచొప్ప జారి తొట్టి అంచుకు ఆనుకుంటే, తెల్లారేసరికి దాని మీదుగా ఎర్రటి బారు సాగుతూ ఉంటుంది.