వ్యాపారము యథావిధిగా జరుగును

మా వీధి మొదట్లో ఒక బారుంది. ఈ మాట అనేసరికి "ఈవిడకి బారుతో ఏం పనమ్మా!" అని మీరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. ఆ గడప నేను తొక్కలేదండీ. కాకపోతే మా మేడమీద పిట్టగోడ దగ్గర వడియాలు పెట్టుకుంటూ తలెత్తితే కనిపించేది అదే. మా తునిలో తాండవ మీంచి వచ్చే గాలి కోసం ఈ మేడ కట్టించారు మా మామగారు. గాలితోపాటు ఈ దృశ్యం కూడా వస్తుందని ఆయన ఊహించి ఉండరు.

నిరుడు వేసవి వెళ్ళాక ఆ బారుకి మరమ్మతులు మొదలుపెట్టారు. మొదటిరోజునే గుమ్మానికి ఒక అట్ట వేలాడగట్టారు. "మరమ్మతులు జరుగుచున్నవి. వ్యాపారము యథావిధిగా జరుగును." అక్షరదోషం ఒక్కటి లేదు. మా ఊళ్ళో బోర్డులకి ఇది అపురూపమే.

అది చదివి నాకు నవ్వొచ్చింది. ఏం, మనం చేసే పని కాదూ? సంక్రాంతికి ముందు వంటింటికి సున్నాలు వేయిస్తూ, సామానంతా నడవలోకి చేరేసి, పెరట్లో పొయ్యి పెట్టి, వేళకి అన్నం వార్చిన ఇల్లాళ్ళం ఎంతమందిమి లేము! ఆ మాటే మా వారితో అంటే, "అయితే నువ్వూ ఒక బోర్డు కట్టుకోవలసింది" అన్నారు. కట్టుకోకపోయినా వ్యాపారం యథావిధిగానే జరిగింది కదా, ఇక బోర్డెందుకు?

చూస్తుంటే వాళ్ళ ఏర్పాటు ముచ్చటగానే ఉంది. హాలుని అడ్డంగా రెండు చేసి మధ్య నీలం టార్పాలిన్ కట్టారు. ఒక పక్క పాత నేల పెళ్ళగించి టైల్స్ వేస్తుంటే రెండో పక్క బల్లలు. అది పూర్తయ్యాక బల్లలు ఇటు, ఇసుక అటు. డబ్బు పుచ్చుకునే బల్లని నెలరోజుల్లో మూడుసార్లు మోశారు గానీ ఒక్కపూట మూయలేదు. టైల్స్ కోసే మిషను మాత్రం బేరాలు లేని పొద్దుటిపూటే వాడేవారు. దాని గోల మా పూజ వేళకి సరిగ్గా సరిపోయేది. సీసాల పెట్టెలు మెట్లమీద, సిమెంటు బస్తాలు మెట్లకింద. జనం చెక్కముక్కల మీద కాళ్ళేసుకుంటూ లోపలికి పోయేవారు. వచ్చేటప్పుడు ఆ చెక్కలమీద ఎలా నడిచేవారో నేను వేరే చెప్పక్కర్లేదు.

"ఓ నెల మూసేసుకుని హాయిగా చేయించుకోవచ్చు కదా?" అన్నాను. మా వారు విప్పి చెప్పారు. బారుకి లైసెన్సు రుసుము ఏడాది మొత్తానికి కట్టాలి. తెరిచినా అంతే, మూసినా అంతే. ఒకరోజు మూస్తే ఆ రోజు అద్దె గంగలో పోసినట్టే.

అంతదాకా వింటున్న మా అత్తగారు జపమాల పక్కన పెట్టి, "నేను కాపరానికొచ్చిన దగ్గర్నించీ ఆ కొట్టు అంతే. బోర్డు మారుతుంది, లోపల సరుకు మారుతుంది. తలుపు మాత్రం మూసి ఎరగరు" అన్నారు. ఆవిడకి తొంభై దగ్గర పడ్డాయి. పొద్దున్న తిన్న కూర జ్ఞాపకం ఉండదు గానీ 1950 మాత్రం నిన్నటి మాటలా చెబుతారు. ఆవిడ చెప్పినదానికి నేను పుస్తకాల్లో చదువుకున్నది కలిపితే ఆ నాలుగు గోడల చరిత్ర ఇలా తేలింది.

మొదట అది తాటాకుల కల్లుపాక. ఇంగ్లీషువాళ్ళు 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం చేశారు. అప్పటినించీ చెట్టు గీయాలన్నా పన్ను, కల్లు అమ్మాలన్నా పాట పాడుకోవడం. పాట అంటే త్యాగరాజ కీర్తన కాదండోయ్, వేలం పాట! 1930లో గాంధీగారు కల్లు దుకాణాల ముందు పికెటింగు ఆడవాళ్ళే చెయ్యాలని పిలుపిచ్చారు. ఆయనకి మన సంగతి బాగా తెలుసు. తాగేవాడికి ఎదురు నిలబడవలసిన అగత్యం ఎవరికుంటుందో తెలిసినవారు.

1937లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో అధికారానికి వచ్చి ముందు సేలం జిల్లాలో నిషేధం పెట్టారు. ఖజానాకి పడ్డ బొక్క పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఇక్కడ కాస్త ఆగాలి. మనం కందిపప్పు కొన్నా, చీర కొన్నా బిల్లు చివర కనబడే ఆ అంకెకి మూలపురుషుడు కల్లుకుండేనన్నమాట. నిషేధం పోయింది. పన్ను మాత్రం వ్యాట్ అయి, 2017లో జి.ఎస్.టి. అయి స్థిరపడింది. విచిత్రమేమిటంటే ఆ జి.ఎస్.టి. మందుసీసా జోలికి మాత్రం పోదు! సీసా లెక్క రాష్ట్రాలకి వేరే ఉంది.

యుద్ధం రోజుల్లో నిషేధం అటకెక్కింది. 1946లో మళ్ళీ దించినది ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం. 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా అమలైపోయింది. మా అత్తగారు కాపరానికి వచ్చేసరికి ఆ కల్లుపాక పెంకుటిల్లయి, కాఫీ హోటలయింది. ఇడ్డెన్లు, అల్లం పచ్చడి, ఇత్తడి గ్లాసులో కాఫీ. బల్లలు తుడిచేవాడు అంతకుముందు తాడిచెట్లు ఎక్కినవాడేనట. "మోకు కట్టిన నడుం, వంగి బల్ల తుడవడానికి రాలేదమ్మా వాడికి" అంటారావిడ. మందు మాన్పించడం గురించి మాట్లాడేటప్పుడు ఆ మనిషిని మనం మరిచిపోతుంటాం.

ఆ కాఫీ హోటలుకి పెరటి గుమ్మం ఒకటుండేది. సాయంత్రం దీపాలు పెట్టాక ఆ గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళు కాఫీకి వెళ్ళేవారు కారు. నాటుసారా సరేసరి, కాస్త కలిగినవాళ్ళకి యానాం సరుకు వచ్చేది. మన జిల్లా నడిమధ్యన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది కదా, మద్రాసు చట్టం అక్కడ చెల్లదు. యానాం ఉపకారాలు ఒకటా రెండా! శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళూ అక్కడికే తీసుకెళ్ళి చేసేవారు. మా అత్తగారి తల్లిగారి పెళ్ళి అక్కడే జరిగింది, పదకొండో ఏట. చట్టం వద్దన్నవన్నీ మనవాళ్ళకి ఏటి అవతల దొరికేవి.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూల్లో ప్రకాశంగారే ముఖ్యమంత్రి. నిషేధం సరిగా నడవడం లేదు, ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. గౌతు లచ్చన్నగారు గీతపనివాళ్ళ పక్షాన ఉద్యమం నడిపారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. 1946లో నిషేధాన్ని మళ్ళీ నిలబెట్టిన పెద్దమనిషే 1954లో ఆ నిషేధం దగ్గరే పడ్డారు. ప్రభుత్వం పడింది గానీ నిషేధం ఇంకో పదిహేనేళ్ళ దాకా కుంటుకుంటూ నడిచి, 1960ల చివర ఎత్తేశారు. కాఫీ హోటలు పెరటి గుమ్మమే వీధి గుమ్మం అయింది. "వంటవాణ్ణి కూడా మార్చలేదు, శనగపప్పు వేపేవాడు అక్కడే ఉండిపోయాడు" అని మా అత్తగారి సాక్ష్యం.

నేను కోడలిగా వచ్చేనాటికి అది సారాకొట్టు. 1980లలో వారుణి వాహిని అని, ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో పోసి పంపించేది. కొట్టుదాకా వెళ్ళే ఓపిక లేనివాడికి ప్యాకెట్టు ఇంటికే నడిచొచ్చింది. చిన్నపిల్లలు ఖాళీ ప్యాకెట్లలో నీళ్ళు పోసుకుని ఆడుకోవడం మా పిట్టగోడ మీంచే చూశాను.

అప్పుడు నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే పల్లె పేరు పేపర్లో చదివాం. సాయంత్రం అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు, తాగొచ్చిన మగవాళ్ళు చదువు సాగనివ్వకపోతే, పలకలు పక్కనపెట్టి ముందు సారాకొట్టు మూయించారు. ఆ కథ వయోజనుల వాచకంలో పాఠంగా వచ్చింది. అది చదివి ఇంకో ఊరు, ఆ ఊరిని చూసి మరో ఊరు. 1992లో వేలం పాటలు సాగకుండా చేశారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పట్లో ఎరగని ఇల్లు లేదు. 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రమంతా సారా బంద్. మా వీధి కొట్టుకి తాళం పడ్డ రాత్రి నేను మేడమీదే ఉన్నాను. నెల తిరక్కుండా సున్నం వేసి "బ్రాందీ, విస్కీ" అని బోర్డు పెట్టారు. నిషేధించింది సారాని కదా!

ఎన్.టి. రామారావుగారు ఆ సీసాల మీద కూడా వేటు వేశారు. 1995 జనవరి 16 నించి సంపూర్ణ నిషేధం. రెండేళ్ళ చిల్లర ఆ కొట్లో కోడిగుడ్లు, చల్లని సోడాలు అమ్మారు. యానాంకి మళ్ళీ మంచిరోజులొచ్చాయి. ఖజానా ఓర్చుకోలేకపోయింది. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం సడలించింది. ఈసారి పెంకులు తీసి స్లాబు వేసి, ఏ.సి. గది పెట్టి, "బార్ అండ్ రెస్టారెంట్" అయింది. ఆ తరవాతి కథ మీకూ తెలిసిందే. 2019 అక్టోబరు నించి మందుషాపులు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 షాపులు మళ్ళీ ప్రైవేటువాళ్ళకిచ్చారు.

నడుమ 2017లో ఒక తమాషా జరిగింది. జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్లలోపు మందు అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఆ ఏప్రిల్‌లో అమల్లోకొచ్చింది. కేరళలో ఉత్తర పరవూరులో ఒక బారు యజమాని భవనం జరపలేదు, సీసాలు జరపలేదు. గేటు నించి గుమ్మం దాకా అటూ ఇటూ గోడలు కట్టించి, పద్మవ్యూహంలా దారి మెలికలు తిప్పించి, 500 మీటర్లు దాటించాడు! తాగేవాడు లోపలికి పోవడానికే అంత తిరగాలి. జూలైలో పట్టణాల లోపలివాటికి ఆ నియమం వర్తించదని కోర్టే చెప్పిందిలెండి. మరమ్మతులంటే అవీ మరమ్మతులు.

ఈ చరిత్రంతా కాగితం మీద పెట్టుకుందామనుకున్న రోజుల్లోనే, మా ఇంట్లో అంట్లు తోమే మనిషి వచ్చి అయిదొందలు అప్పడిగింది. ఆమె మొగుడు తాపీపనివాడు. బారు పని దొరికిందని అంతకుముందు వారమే సంబరంగా చెప్పింది.

"రోజుకి తొమ్మిదొందలు కదే?" అన్నాను.

"తొమ్మిదొందలేనండి అమ్మగోరూ. ఆడు కట్టిన గోడ కనబడతంది గానీ, కూలి కనబడ్డం లేదండి."

తరవాత తెలిసింది. సాయంత్రం పనివాళ్ళకి డబ్బులిచ్చే బల్లా, సీసాలమ్మే బల్లా ఒకటే. హాలుకి కట్టిన నీలం పరదాకి ఇవతల పుచ్చుకోవడం, అవతల పోసుకోవడం. కాళ్ళకి సిమెంటు ఆరకముందే తొమ్మిదొందల్లో ఆరొందలు ఏ గల్లాలోంచి వచ్చాయో ఆ గల్లాలోకే తిరిగి పోతున్నాయి. యజమానికి మరమ్మతులు ఎంత చవగ్గా పడ్డాయో చూశారా!

నేను అయిదొందలిచ్చాను. ఇచ్చి ఊరుకుంటే నాకూ మర్యాదగా ఉండును. "వెళ్ళి అక్కడే పుచ్చుకోరాదూ?" అని నోరు జారాను. ఎదటివాళ్ళకి ధైర్యం చెప్పడం మనకి అలవాటే. మేడ దిగి వెంట వెళ్ళలేదు మరి.

మర్నాడు అయిదున్నరకి చూద్దును గదా, బారు ముందు ఇసుకపోగు పక్కన నిలబడి ఉంది. చంకలో పిల్ల. ఏమీ అనదు, కేకలు లేవు. ఊరికే గుమ్మంకేసి చూస్తూ నిలుచుంది. మూడోరోజుకి పక్కన ఇంకో ఇద్దరు చేరారు, వాళ్ళ మగవాళ్ళూ ఆ పనిలోనే. అట్ట చదువుకుని లోపలికి పోబోయేవాళ్ళు ఈ ముగ్గుర్నీ చూసి, ఫోను వచ్చినట్టు నటించి ముందుకు సాగిపోయేవారు. మా వీధి పెద్దమనుషులకి అంత సిగ్గుందని నాకూ అప్పుడే తెలిసింది.

నాలుగోరోజున మేస్త్రీ అయిదింటికే బయటికొచ్చి, ఇసుకపోగు దగ్గరే లెక్కకట్టి ఆడవాళ్ళ చేతుల్లో డబ్బు పెట్టాడు. బేరాలు పాడవుతున్నాయని యజమాని చెప్పించాడట. మొగుడు ఏమన్నాడే అనడిగాను. "తిట్టాడండి. నూటేభై ఇచ్చానండి, ఆడి కట్టం ఆడిది గదా" అంది. వారంలో ఆరు రోజులు అలా సాగింది. ఏడోరోజు పిల్లకి జ్వరమొచ్చి వెళ్ళలేకపోయింది. ఆ రోజు కూలి లోపలే ఉండిపోయింది.

బారు తయారైంది. మామిడాకుల తోరణం, అరటి బోదెలు, రంగురంగుల దీపాలు. అట్ట తీసేశారు. మా అత్తగారు కిటికీలోంచి చూసి, "కాఫీ హోటలు తెరిచిననాడూ ఇలాగే కట్టారు బోదెలు" అన్నారు.

ఆ మర్నాడు మా పనిమనిషి అంట్లు గబగబా తోమేసి, నాలుగింటికే కొంగు బిగించింది. ఎక్కడికే అన్నాను. మొగుడికి పాయకరావుపేటలో కొత్త మేడ పని దొరికిందిట, వంతెన దాటి వెళ్ళాలి.

"కూలి ఎక్కడ నిలబడి ఇత్తారో ముందే సూసొత్తానండి."