జైపాల్ రెడ్డి ప్రస్థానం: కల్వకుర్తి టు ఢిల్లీ.. పెట్రోలియం శాఖలో ఆ 21 నెలల్లో ఏం జరిగింది?

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి ఎస్. జైపాల్ రెడ్డి పేరు పెట్టాలని 2025 జనవరిలో తెలంగాణ కేబినెట్ నిర్ణయించింది. నాగర్‌కర్నూల్ జిల్లా నార్లాపూర్ దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఎత్తి, వనపర్తి జిల్లా ఏదుల మీదుగా పైకి తీసుకెళ్లే ప్రాజెక్ట్ ఇది. సీఎం రేవంత్ రెడ్డికి జైపాల్ రెడ్డి భార్య తరఫు బంధువు కావడంతో పేరు మీద చర్చ కూడా నడిచింది. బంధుత్వం సంగతి పక్కన పెడితే.. ఉమ్మడి పాలమూరు నుంచి ఢిల్లీలో అంత ఎత్తుకు వెళ్లినవాళ్లు చాలా తక్కువ.

1942 జనవరి 16న పుట్టిన జైపాల్ రెడ్డి సొంతూరు మాడ్గుల. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి జిల్లా. చిన్నప్పుడే పోలియో సోకింది. జీవితాంతం ఊతకర్ర సాయంతోనే నడిచారు. ఉస్మానియాలో ఎంఏ ఇంగ్లీష్ చేశారు, జర్నలిజం కూడా చదివారు. స్టూడెంట్ లీడర్‌గా పేరొచ్చింది అక్కడే.

27 ఏళ్లకే, 1969లో కల్వకుర్తి నుంచి అసెంబ్లీకి వెళ్లారు. 1984 దాకా వరుసగా నాలుగుసార్లు అక్కడి ఎమ్మెల్యే ఆయనే. (1989లో సీఎంగా ఉన్న ఎన్టీఆర్‌ను ఓడించిన సీటు కూడా ఇదే. కల్వకుర్తి ఓటరు అంత ఈజీ కాదు మరి!) ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్‌ను వదిలేసి జనతాలో చేరారు. 1980లో మెదక్‌లో ఏకంగా ఇందిరా గాంధీ మీదే పోటీ చేశారు. ఓడిపోయారు, కానీ పేరు మాత్రం దేశమంతా తెలిసింది.

1984లో మహబూబ్‌నగర్ ఎంపీ. ఆ తర్వాత రాజ్యసభకు వెళ్లి 1991-92లో అక్కడ ప్రతిపక్ష నేతగా పనిచేశారు. 1997లో ఐకే గుజ్రాల్ కేబినెట్‌లో సమాచార, ప్రసార శాఖ దక్కింది. ప్రసార భారతి చట్టం 1990లోనే పాసైనా ఏడేళ్లు మూలనపడి ఉంది. దూరదర్శన్, ఆకాశవాణిని ప్రభుత్వం గుప్పిట్లోంచి తప్పించడానికి ఏ సర్కారుకూ మనసు రాలేదు. దాన్ని అమల్లోకి తెచ్చింది జైపాల్ రెడ్డి హయాంలోనే. 1997 నవంబర్‌లో ప్రసార భారతి మొదలైంది. ఆ మరుసటి ఏడాదికి ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు ఆయనకే వచ్చింది.

1999లో మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. మిర్యాలగూడ నుంచి రెండుసార్లు, 2009లో చేవెళ్ల నుంచి గెలిచారు. మన్మోహన్ సింగ్ సర్కారులో మొదట సమాచార, ప్రసార శాఖ, 2005 నవంబర్ నుంచి పట్టణాభివృద్ధి.

అసలు కథ 2011 జనవరిలో మొదలైంది. అప్పుడే పెట్రోలియం శాఖ ఆయన చేతికి వచ్చింది. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ-డీ6లో గ్యాస్ ఉత్పత్తి అప్పటికే పడిపోతోంది. ఒప్పందం ప్రకారం రిలయన్స్ తాను పెట్టిన ఖర్చును గ్యాస్ అమ్మకాల్లోంచి ముందుగా రాబట్టుకుంటుంది, మిగిలిన దాంట్లోంచే ప్రభుత్వానికి వాటా వస్తుంది. అంటే కంపెనీ ఖర్చు ఎంత ఎక్కువ చూపిస్తే ఖజానాకు వచ్చేది అంత తక్కువ. చెప్పినంత గ్యాస్ తీయలేదు కాబట్టి సుమారు 100 కోట్ల డాలర్ల ఖర్చును ఒప్పుకోబోమని 2012 మేలో పెట్రోలియం శాఖ నోటీసు ఇచ్చింది. టార్గెట్ అందుకోకపోతే ఖర్చుకు కోత పెట్టాలని ఒప్పందంలో లేదన్నది కంపెనీ వాదన. 4.2 డాలర్ల గ్యాస్ రేటును 2014 గడువు కంటే ముందే పెంచడానికి కూడా జైపాల్ రెడ్డి ఒప్పుకోలేదు. రేటు పెరిగితే ఆ భారం ఎరువులు, కరెంట్ మీద పడుతుంది.

2012 అక్టోబర్ 28న కేబినెట్ మార్పుల్లో ఆయన్ను సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖకు పంపేశారు. కంపెనీ ఒత్తిడితోనే మార్చారని ప్రతిపక్షాలు మండిపడ్డాయి, ప్రభుత్వం కాదంది. ఆయన మాత్రం రచ్చ చేయలేదు, రాజీనామా చేయలేదు. ఎనిమిది నెలలకు, 2013 జూన్‌లో, గ్యాస్ రేటును దాదాపు రెట్టింపు చేసే ఫార్ములాకు కేబినెట్ ఓకే చెప్పింది. అప్పటి పెట్రోలియం మంత్రి వీరప్ప మొయిలీ.

తెలంగాణ ఏర్పాటు కోసం ఢిల్లీలో తెర వెనుక గట్టిగా పనిచేసిన జైపాల్ రెడ్డి, 2014లో అదే తెలంగాణలో మహబూబ్‌నగర్ నుంచి స్వల్ప తేడాతో ఓడిపోయారు. 2019 జూలై 28న, 77 ఏళ్ల వయసులో, హైదరాబాద్‌లో చనిపోయారు. నెక్లెస్ రోడ్డులో పీవీ ఘాట్ పక్కనే అంత్యక్రియలు జరిగాయి.

ఇక ఆయన పేరు పెట్టిన ప్రాజెక్ట్ విషయానికొస్తే.. 12.3 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది టార్గెట్. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, నార్లాపూర్‌లో మొదటి పంపు ఆన్ చేసింది 2023 సెప్టెంబర్‌లో. జూరాల నుంచి నీళ్లు ఎత్తే నెట్టెంపాడు మీద ఆధారపడే గద్వాల రైతుకు దీంతో పెద్దగా పనిలేదు. నాగర్‌కర్నూల్, వనపర్తి రైతులు ఎదురుచూస్తున్నది మాత్రం పంట కాలువల కోసమే.