తోడాల ప్రేమ, తోడాల పాట

డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివేవాళ్ల బిట్ల పుస్తకాల్లో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తుంది. బహుభర్తృత్వం ఉన్న తెగ ఏది? జవాబు: తోడాలు. ఒక మార్కు. ఆ మార్కుతో తోడాల కథ అయిపోతుంది. వాళ్ల కొండ ఏది, వాళ్ల భాష ఏది, వాళ్లు ఏం పాడుకుంటారు అని ఎవరూ అడగరు. మన బడుల్లో ఈ జవాబు చదివి పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. నవ్వేది మన పిల్లలే. మన గురించి కూడా ఎక్కడో ఇలాంటి బిట్టు ఒకటి ఉంటుందని, దాన్ని చదివి ఇంకెవరో నవ్వుతుంటారని వాళ్లకు తెలియదు. అందుకే ఆ ఒక్క మార్కు వెనక ఉన్న చరిత్రను, అందులోనూ పాట చరిత్రను ఇక్కడ చెబుతున్నాను.

తోడాలు నీలగిరి కొండల ఆదివాసులు. ఇప్పటి తమిళనాడులో ఊటీ చుట్టూ ఉన్న పచ్చిక మైదానాలు వాళ్ల నేల. వాళ్లది వ్యవసాయం కాదు, బర్రెల పెంపకం. పవిత్రమైన బర్రెలకు వేరే మందలు, ఆ పాలు చిలికే ఇళ్లే వాళ్లకు గుళ్లు. ఇరుగుపొరుగున కోటాలు, బడగలు, కురుంబలు ఉండేవారు. మన గోండులకు పర్ధాన్లు కీక్రి వాయించినట్టు, తోడాల చావులకు కోటాలు వచ్చి వాయిద్యాలు వాయించేవారు. 1819లో సల్లివన్ అనే కంపెనీ కలెక్టరు ఆ కొండెక్కాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే అక్కడ తెల్లవాళ్ల బంగళాలు లేచాయి. వాళ్ల వెనకే పాదిరీలు, అధికారులు, పండితులు వచ్చారు. గుప్పెడు మంది కూడా లేని తెగ గురించి కట్టలకొద్దీ కాగితాలు రాశారు.

ఆ రాసినవాళ్లలో ముఖ్యుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. ఆయన కేంబ్రిడ్జి నుంచి వచ్చిన డాక్టరు. 1901–02లో తోడాల మధ్య పనిచేసి, ఇంటింటి వంశవృక్షాలు రాసుకుని, 1906లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అప్పటికి తోడాల జనాభా సుమారు ఎనిమిది వందలు. బిట్ల పుస్తకాల్లోని జవాబు చాలావరకు ఆయన పుస్తకం నుంచి వచ్చిందే. కానీ ఆయన రాసినదంతా ఆ ఒక్క మాటలో పట్టదు.

ఒక ఆమెను పెళ్లాడితే, ఆమె ఆ ఇంటి అన్నదమ్ములందరికీ భార్య అయ్యేది. ఆమె గర్భవతిగా ఉన్నప్పుడు, ఏడో నెల ప్రాంతంలో, ఒక చెట్టు దగ్గర దీపం పెట్టి, పుల్లతో గడ్డితో చేసిన చిన్న విల్లమ్ములు ఆమె చేతికి ఇచ్చేవారు. ఎవరు ఇస్తే అతనే బిడ్డకు తండ్రి. ఎక్కువగా పెద్దన్న ఇచ్చేవాడు. అన్నదమ్ములంతా ఒకే ఇంట్లో ఉంటే అందరూ తండ్రులే. తండ్రి ఎవరన్నది రక్తం తేల్చే సంగతిగా వాళ్లు చూడలేదు, పదిమంది ఎదుట జరిగిన తంతు తేల్చేది.

ఇది పెళ్లి సంగతి. పెళ్లికి పక్కన ఇంకో బంధం కూడా ఉండేది. భర్తలు ఉన్న ఆమెకు ఒక ప్రియుడు ఉండవచ్చు. అది దొంగచాటు కాదు. అతను భర్తల సమ్మతి అడగాలి, ఇవ్వాల్సింది ఇవ్వాలి, ఆ తర్వాత ఆ బంధాన్ని అందరూ గుర్తించేవారు. తోడాల్లో రెండు పెద్ద శాఖలు ఉన్నాయి. ఆ రెంటి మధ్య పెళ్లి కుదరదు. కానీ ఈ ప్రేమబంధం ఆ గీత దాటి కూడా ఉండేది. ఈ సమాజంలో తప్పు పట్టేది భార్యను ఇంకొకరికి ఒప్పుకోని పిసినారినేనని రివర్స్ రాశాడు. చదివే తెల్లవాళ్లకు అది తలకిందుల లోకంలా అనిపించి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దీన్ని ఆడవాళ్ల స్వేచ్ఛ అని పొగిడితే అది కూడా అబద్ధమే. పసితనంలోనే నిశ్చితార్థాలు అయ్యేవి. ఒకరి భార్యను ఇంకొకరు పెళ్లి చేసుకుంటే బర్రెలు ఇచ్చి సర్దుబాటు చేసుకునేది మగవాళ్లు. పాల గుళ్ల పని ఆడవాళ్లకు నిషేధం. అన్నిటికంటే చేదు సంగతి, పూర్వం ఆడశిశువులను చంపేవారు. ఆడవాళ్ల సంఖ్య తక్కువ కావడానికి అదొక కారణం. ఆ ఆచారం తగ్గి ఆడపిల్లలు పెరిగే కొద్దీ, అన్నదమ్ములు కలిసి ఇద్దరు భార్యలను చేసుకోవడం కూడా రివర్స్ చూశాడు. మన జాతుల చరిత్ర రాసేటప్పుడు పక్కవాడి నవ్వుకు భయపడి ఏదీ దాచకూడదు, వాడి మెప్పు కోసం ఏదీ పూయకూడదు.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. రివర్స్ తర్వాత మూడు దశాబ్దాలకు ఎం.బి. ఎమెనో అనే భాషా పండితుడు నీలగిరికి వచ్చాడు. 1935 నుంచి 1938 దాకా మన దేశంలో తిరిగాడు. ఆయన పేరు మన ఆదిలాబాద్ వాళ్లకు కూడా కొంత దగ్గరిదే. వార్ధా ప్రాంతపు కొలామి భాష మీద 1955లో పుస్తకం తెచ్చింది ఆయనే. 1961లో బరోతో కలిసి తెచ్చిన ద్రావిడ పదాల నిఘంటువులో పాలు అన్న మాట దగ్గర చూస్తే తెలుగు, గోండి, కొలామి, తోడా మాటలు ఒకే వరసలో కూర్చుని ఉంటాయి. తోడాలు మనకు దూరపు వింత జనం కాదని చెప్పడానికి ఆ వరస చాలు.

ఎమెనో తోడాల నోటి నుంచి పాటలు రాసుకుని, 1971లో పెద్ద సంపుటంగా అచ్చువేశాడు. ఆయన గమనించిన మొదటి సంగతి ఏమిటంటే, తోడాల్లో పాటగాళ్లని వేరే కులం లేదు. ఎవరైనా పాట కట్టగలరు. పెళ్లి జరిగినా, చావు జరిగినా, మంచి బర్రె పోయినా, ఎవరి మీద ఎవరికైనా మనసైనా, ఆ సందర్భానికి అప్పటికప్పుడు పాట పుట్టేది.

రెండో సంగతి పాట కట్టే పద్ధతి. తోడా పాట జంటలుగా నడుస్తుంది. ఒక వాక్యం పాడితే, దాని వెంటనే అదే కట్టుబాటుతో ఇంకో వాక్యం రావాలి. ఒక చోటు పేరు వస్తే దానికి జోడుగా ఇంకో చోటు పేరు, ఒక బర్రె పేరు వస్తే ఇంకో బర్రె పేరు. ఈ జోడు మాటలు చాలావరకు పెద్దల నుంచి వచ్చినవే. కొత్తగా పాడేవాళ్ల నేర్పంతా పాత జోళ్లను కొత్త సంగతికి సరిగ్గా అతికించడంలోనే ఉంటుంది. జరిగింది తెలిసినవాళ్లకు ఆ సైగలతోనే పాట ఎవరి గురించో అర్థమైపోతుంది. తెలియనివాళ్లకు అవి ఊళ్ల పేర్లు, బర్రెల పేర్లు మాత్రమే.

ఈ పద్ధతి గురించి నేను చేసుకున్న అర్థం ఒకటి చెబుతాను. మనం రోజూ వినే సినిమా ప్రేమపాటలో ఇద్దరే ఉంటారు. నువ్వొక్కదానివే, నువ్వొక్కడివే, నువ్వు లేకపోతే నేను లేను అన్నదే దాని పల్లవి. ఆ పాటకు లోకమంతా తెర వెనక్కి పోవాలి. తోడా పాటలో ఏ మాటా ఒంటరిగా నిలబడదు, పక్కన జోడు ఉండాల్సిందే. మనిషి పాటలోకి వస్తే తన ఊరు, తన మంద, తన నేల అన్నిటినీ వెంటపెట్టుకుని వస్తాడు. నువ్వొక్కదానివే అనే మాటకు ఆ పాట కట్టుబాటులోనే చోటు తక్కువ. ప్రేమ తక్కువై కాదు. ప్రేమ ఇద్దరి సొంత ఆస్తి అన్న ఊహ అక్కడ పాటకు పునాది కాలేదు. అసూయ లేదని కూడా అనను. బర్రెలిచ్చి తీర్చుకున్న తగాదాలే అసూయ ఉందని చెబుతున్నాయి. అయినా ఆ అసూయ మీద పాటల తీరంతా కట్టుకోలేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మన తెలుగు, తమిళ సినిమాల యుగళగీతాలు ఎన్నో తీసింది ఊటీ పచ్చికల మీదే. అక్కడ ఒక మైదానానికి షూటింగ్ మేడు అన్న పేరే పడిపోయింది. ఒకడికి ఒకతే అని హీరో హీరోయిన్లు పరుగెత్తిన ఆ గడ్డి తోడాల బర్రెల మేత. పాట తెర మీద కనిపించింది, మేత ఎవరిదో కనిపించలేదు. తుమ్మ జాతి చెట్లు, నీలగిరి చెట్లు వేసి ఆ పచ్చికల్లో చాలా భాగాన్ని తోటలు చేశారు. గడ్డి తగ్గితే బర్రె తగ్గుతుంది. బర్రె తగ్గితే పాటలో బర్రె పేర్ల జోడు కూడా చెదురుతుంది.

ఈ రోజు పెద్ద నగరాల్లో, ఒకరికంటే ఎక్కువ మందిని, అందరికీ తెలిసి, అందరి ఒప్పుదలతో ప్రేమించేవాళ్లు తమను పాలీఅమరస్ అని చెప్పుకుంటున్నారు. ఆ మాట 1990ల నుంచి వాడుకలో ఉంది. అలా బతికేవాళ్లకు రేడియోలో వచ్చే ప్రేమపాటల్లో తమ బతుకు కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ పాటలన్నీ ఒక్కరి కోసమే కట్టినవి. అయితే వాళ్లూ తోడాలూ ఒకటే అనడం తప్పు. వాళ్లది ఎవరికి వాళ్లు ఎంచుకున్న దారి. తోడాలది ఇల్లు, మంద, వంశం కలిసి నడిపిన ఏర్పాటు. ఒక్క విషయంలోనే పోలిక ఉంది. మనిషి బతికే తీరు వేరైతే, దానికి తగిన పాట కూడా వేరే ఉండాలి. తోడాలకు అలాంటి పాట తమ నోటనే ఉండింది. వీళ్లు ఇంకా వెతుక్కుంటున్నారు.

తోడాల్లో ఇప్పుడు ఒకరికి ఒకరే అన్న పెళ్లే ఆనవాయితీ అయింది. అది వాళ్లు నడిచిన దారి, దాని మీద తీర్పు చెప్పే పని మనది కాదు. మన పని బడిలో ఉంది. ఆ బిట్టు వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, జవాబు కింద ఇంకో రెండు వాక్యాలు పిల్లలతో రాయిద్దాం. తోడాల్లో ఎవరైనా పాట కట్టగలరు. వాళ్ల పాటలో ప్రతి మాటకూ ఒక జోడు ఉంటుంది. ఆ తర్వాత, మన ఇంట్లో అవ్వ పాడే పాటలో ఎవరి పేర్లు, ఏ చోట్లు వస్తాయో అడిగి రాసుకు రమ్మందాం. పరీక్షలో దానికి మార్కు ఉండదు. కానీ ఇంకో తెగ పేరు చదివి నవ్వబోయే పిల్లవాడికి ముందు తన పాట గుర్తుకొస్తుంది.