గళగండమూ, ఉప్పూ

హిమాలయ పర్వతాల లోయలలో గళగండం ఒకప్పుడు వింత కాదు. మెడ ముందు కాయవలె పొడుచుకొని వచ్చే ఆ వాపు తల్లికి ఉండేది, కూతురికీ వచ్చేది. ఊరిలో మూడవ వంతు మందికి ఉన్నదానిని వ్యాధి అని తలచుట కష్టం. మన దేశానికి ఈ రుగ్మత కొత్తదీ కాదు. సుశ్రుత సంహితలో గళగండ లక్షణాల వర్ణన ఉన్నది. రూపం తెలిసినది గాని కారణం తెలియలేదు. ఆ కారణాన్ని వెదకిన చరిత్ర, మానవశరీరంలోని హార్మోనుల చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం.

శరీరంలోని గ్రంథులు రెండు తెరగులు. లాలాజల గ్రంథుల వంటివి తమ రసాన్ని నాళం ద్వారా పంపుతవి. మరికొన్నిటికి నాళమే లేదు. అవి తమ రసాన్ని నేరుగా రక్తంలో కలుపుతవి. వీటినే వినాళ గ్రంథులు అంటారు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి, మెడలోని అవటు గ్రంథి, మూత్రపిండాలపై ఉన్న అధివృక్క గ్రంథులు ఈ కోవలోనివి. క్లోమంలోని కొన్ని కణపుంజాలూ, స్త్రీ పురుషుల బీజకోశాలూ ఇదే పని చేస్తవి. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞులు, చిన్నప్రేవులో పుట్టిన ఒక పదార్థం రక్తం వెంట క్లోమానికి చేరి దానిచేత పని చేయించునని నిరూపించినారు. 1905లో స్టార్లింగ్ అటువంటి పదార్థాలకు హార్మోనులని పేరు పెట్టినాడు. పురికొల్పుట అనే అర్థం గల గ్రీకు ధాతువు నుండి వచ్చిన మాట అది.

అవటు గ్రంథి కంఠనాళానికి ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. దాని హార్మోనులలో ముఖ్యమైనది థైరాక్సిన్. శరీరంలోని వేడి, గుండె వేగం, ఎముకల పెరుగుదల దాని అదుపులో ఉన్నవి. అన్నిటికన్న ముఖ్యమైనది శిశువు మెదడు వికాసం. గర్భస్థ శిశువు మొదటి నెలలలో తల్లి హార్మోనుపైననే ఆధారపడుతుంది. 1891లో ఇంగ్లండులో జార్జి మరే అనే వైద్యుడు, అవటు గ్రంథి క్షీణించి మందగించిన ఒక స్త్రీకి గొర్రె గ్రంథి సారాన్ని ఎక్కించగా ఆమె కోలుకొన్నది. ఆ చికిత్సతో మరి ఇరువదియెనిమిది సంవత్సరాలు జీవించినది. 1914లో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేసినాడు. 1926లో హారింగ్టన్ దాని నిర్మాణాన్ని తేల్చినాడు. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉన్నవి.

రహస్యమంతా ఆ నాలుగు పరమాణువులలో ఉన్నది. శరీరం అయోడిన్‌ను తయారుచేసుకోలేదు. అది ఆహారంతో రావలసినదే. పెద్దవారికి దినానికి 150 మైక్రోగ్రాములు చాలు. డెబ్బది సంవత్సరాల జీవితానికి అవసరమైనదంతా కలిపినా ఒక చిన్న చెంచాకు మించదు. అదీ దొరకనప్పుడు రక్తంలో థైరాక్సిన్ తగ్గుతుంది. పీయూష గ్రంథి ఆ లోటును పసిగట్టి తన హార్మోనుతో అవటు గ్రంథిని ఇంకా పని చేయుమని తొందరపెడుతుంది. ముడిసరుకు లేని గ్రంథి ఉబ్బి పెరుగుతుందే గాని లోటు తీర్చలేదు. గళగండమంటే ఆ వ్యర్థ ప్రయాసయే.

కొండలలో అయోడిన్ ఏల కరవైనది? హిమానీనదాలూ, వర్షాలూ, వరదలూ యుగాలుగా నేలలోని అయోడిన్‌ను కడిగి సముద్రానికి చేర్చినవి. ఆ నేలలో పండిన ధాన్యంలోనూ, ఆ గడ్డి మేసిన పశువుల పాలలోనూ అది ఉండదు.

ఈ సంగతి తేలుటకు ముందు పెక్కు ఊహలు సాగినవి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో గిల్గిత్‌లో పనిచేసిన రాబర్ట్ మెక్‌కారిసన్, ఒకే కాలువ వెంట ఒకదాని దిగువ ఒకటిగా ఉన్న గ్రామాలను పరిశీలించినాడు. దిగువకు పోయినకొద్దీ గళగండం హెచ్చుగా కనిపించినది. కావున మలినజలమే హేతువని ఆయన తలచినాడు. ఆ నీటి మడ్డిని తాను స్వయంగా త్రాగి పరీక్షించినాడు. ఆయన చూసినది నిజమే. మూలకారణం మాత్రం వేరు. ఆ వైద్యుడే తరువాత కూనూరులో పోషకాహార పరిశోధనకు నాయకుడైనాడు. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదుకు తరలి నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది.

కూనూరులోనే కొన్నాళ్ళు పనిచేసిన మరొక వైద్యుడు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్టణంలో వైద్యవిద్య నభ్యసించిన తెలుగువాడు. 1956లో ఆయనా, సహచరులూ కాంగ్రా లోయలో ఒక పెద్ద పరీక్షకు పూనుకొన్నారు. ఆనాడు కాంగ్రా పంజాబులోనిది. 1966లో హిమాచల ప్రదేశంలో చేరినది. సుమారు లక్ష జనాభా గల ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించినారు. ఒక మండలానికి పొటాసియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక దానికి పొటాసియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడవ దానికి మామూలు ఉప్పు అందినవి. ఆరంభంలో మూడింటా నూటికి ఇంచుమించు 38 మందికి గళగండం ఉన్నది. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు మండలాలలో అది సగానికి దిగినది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. అప్పుడు ఆ మండలానికి కూడ అయోడిన్ ఉప్పు ఇచ్చినారు. అక్కడా వాపులు తగ్గుముఖం పట్టినవి.

సంశయాలకు సమాధానం దొరికినది. కాని ఆ సమాధానానికి మూల్యం ఒకటి ఉన్నది. మూడవ మండలంలోని ప్రజలు ఆరు సంవత్సరాలు మామూలు ఉప్పే తిన్నారు; ఆ కాలంలో అక్కడ గర్భిణులున్నారు, శిశువులు జన్మించినారు. మెడలోని వాపు కొంతకాలానికి తగ్గవచ్చును. గర్భంలో అయోడిన్ తీవ్రంగా లోపించి చెవుడు, మూగతనం, మందబుద్ధి కలిగిన శిశువుకు పోయినది తిరిగి రాదు. పోల్చి చూడక తప్పదని శాస్త్రం అంటుంది. కాంగ్రా ఫలితం లేకున్న దేశమంతటా ఉప్పు మారుట ఇంకా ఆలస్యమయ్యేది. రెండు మాటలూ నిజమే. కాంగ్రా పేరు తలచేవారు ఆ మూడవ మండలాన్ని కూడ తలచవలె.

1962లోనే భారత ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. గళగండం హిమాలయాలకే పరిమితం కాదని, మైదానాలలోనూ ఉన్నదని తరువాతి పరిశీలనలు చూపినవి. సముద్రతీరవాసులకు ఈ బెడద ఉండదనుకొనుట సహజం. కాని శ్రీకాకుళం జిల్లా నౌపాడ మడులలో పండే ఉప్పు అయినా, మరే సముద్రపు ఉప్పు అయినా, సహజంగా అందులో నిలిచే అయోడిన్ అత్యల్పం, దానిని కలుపవలసినదే. అయోడిన్ చేర్చని ఉప్పును ఆహారానికి అమ్మరాదని కేంద్రం 1998లో నిషేధించి, 2000లో ఆ నిషేధాన్ని ఎత్తివేసి, 2005లో తిరిగి విధించినది. ఏది తినవలెనో ప్రభుత్వం శాసించవచ్చునా అన్న ప్రశ్న ఉప్పు విషయంలో ఈ దేశానికి మరీ సున్నితమైనది. 1930లో ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన దేశమిది.

అవటు గ్రంథి ఎవరి కంఠంలోనిది వారిదే. కాని అది పని చేయుటకు కావలసినది నేల నుండి, నేల ఇవ్వనిచోట ఉప్పు నుండి రావలె. ఆ ఉప్పు చేరని ఇల్లు ఎక్కడ మిగిలినా, కాంగ్రా మూడవ మండలం అక్కడ ఇంకా ఉన్నట్లే.